రొమ్ము తీసే ముందే అడగాల్సిన మాట

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో విన్సెంజ్ చెర్నీ అనే సర్జన్ 1895లో ఒక కొత్త తరహా ఆపరేషన్ వివరాలు ప్రచురించారు. రోగి 41 ఏళ్ల గాయని. రొమ్ములో గడ్డ. క్యాన్సర్ కాకపోయినా తీసెయ్యక తప్పని పరిస్థితి. తీసేస్తే ఒక పక్క చదునైపోతుంది. వేదిక ఎక్కి పాడే మనిషికి అదెంత బాధో ఆయనకు తెలుసు. ఆమె నడుం పక్కన పిడికిలంత కొవ్వుగడ్డ ఒకటి ఉంది. చెర్నీ దాన్ని జాగ్రత్తగా తీసి, రొమ్ము ఖాళీ అయిన చోట అమర్చారు. వైద్య చరిత్రలో నమోదైన తొలి రొమ్ము పునర్నిర్మాణం ఇదేనంటారు. ఒంట్లో మరోచోట ఉన్న కొవ్వుతో రొమ్ము లోటు పూడ్చవచ్చన్న ఆలోచన అప్పుడే పుట్టింది. అది నమ్మకమైన చికిత్సగా ఎదగడానికి మాత్రం ఇంకో వందేళ్లు పట్టింది.

ఆ ఆలస్యానికి పెద్ద కారణం అట్లాంటిక్ అవతల ఉంది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ 1894లో ప్రకటించిన ఆపరేషన్ రొమ్ము క్యాన్సర్ చికిత్సను దాదాపు ముప్పావు శతాబ్దం శాసించింది. రొమ్ము, దాని వెనకున్న ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ కలిపి తీసేయడం ఆయన పద్ధతి. పక్కటెముకలకు అంటుకున్న పలచటి చర్మమే మిగిలేది. ఎంత విస్తారంగా కోస్తే మనిషి అంత భద్రమని ఆనాటి నమ్మకం. తీసిన చోటును మళ్లీ అందంగా సర్దాలనుకునే సర్జన్ కోతలో రాజీపడతాడని హాల్‌స్టెడ్ అనుమానం. ఇటలీలోని పావియాలో ఇజీనియో తన్సీని వీపు కండరాన్ని చర్మంతో సహా ముందుకు తిప్పి ఛాతీ గాయాన్ని మూసే పద్ధతిని 1906 నాటికే వివరించారు. అది మరుగున పడిపోయింది. 1970ల్లో సర్జన్లు దాన్ని మళ్లీ కొత్తగా కనిపెట్టుకోవాల్సి వచ్చింది. మధ్యలో గడిచిన ఆ డెబ్బై ఏళ్లలో బతికి బయటపడిన చాలామంది ఆడవాళ్లకు దక్కింది బ్లౌజులో కుక్కుకునే గుడ్డే.

హాల్‌స్టెడ్ నమ్మకాన్ని తిరగరాసింది అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరోనేసి నడిపిన పరీక్షలు. చిన్న గడ్డలున్న వారిలో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసేసినా ఆయుష్షులో తేడా లేదని వాళ్లు చూపించారు. ఇద్దరి ఇరవై ఏళ్ల ఫలితాలూ 2002లో ఒకే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. కాబట్టి రొమ్ము క్యాన్సర్ అనగానే రొమ్ము పోయినట్టేనని భయపడక్కర్లేదు. గడ్డ తీసిన చోట గుంట పడకుండా, మిగిలిన రొమ్మునే లోపల సర్ది ఆకారం నిలబెట్టే పద్ధతులు కూడా ఉన్నాయి. ముందుగానే గుర్తిస్తే చాలామందికి అదే సరిపోతుంది.

మన దగ్గర చిక్కంతా ఆ ముందుగానే అన్న మాటతోనే. 2022 ఒక్క ఏడాదిలోనే భారతదేశంలో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంతర్జాతీయ అంచనా. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన ఆడవాళ్లకు ఇది సగటున ఓ పదేళ్లు ముందే వస్తోంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవడం, ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడటం, చెప్పినా పిల్లల పరీక్షలయ్యాక చూద్దామనుకోవడం వల్ల ఆసుపత్రికి వచ్చేసరికి గడ్డ పెరిగిపోతుంది. అప్పుడు రొమ్ము మొత్తం తీయాల్సి వస్తుంది. నలభై, నలభై అయిదేళ్ల మనిషికి ఆ తర్వాత ఇంకో ముప్పై, నలభై ఏళ్ల జీవితం ఉంటుంది. ఆ ముప్పై ఏళ్లు ఏ శరీరంతో బతకాలో తేల్చుకునే హక్కు ఆమెది. ఆ హక్కు వాడుకోవాలంటే ఏమేం దారులున్నాయో ఆమెకు తెలియాలి.

మొదటి దారి సిలికాన్. 1962లో హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే ప్లాస్టిక్ సర్జన్లు సిలికాన్ జెల్ నింపిన సంచిని తొలిసారి ఒక మహిళకు అమర్చారు. అది క్యాన్సర్ కోసం కాదు, రొమ్ము పెద్దదిగా కనిపించడం కోసం. క్యాన్సర్ రోగులకు దాన్ని వాడబోతే ఒక అడ్డంకి ఎదురైంది: రొమ్ముతో పాటు చర్మం కూడా కొంత పోవడంతో, మిగిలిన చర్మం బిగుతుగా ఉండి సంచి పట్టేది కాదు. చెడొమీర్ రాడొవాన్ అనే సర్జన్ 1970ల్లో దీనికి చూపిన ఉపాయమే ఎక్స్‌పాండర్. ముందు ఖాళీ సంచిని చర్మం కింద, చాలాసార్లు కండరం కింద, పెడతారు. గాయం మానాక రోగి వారం పది రోజులకోసారి ఓపీకి వస్తుంది. డాక్టరు చిన్న అయస్కాంతంతో సంచి మూతి ఎక్కడుందో చర్మం పైనుంచే కనిపెట్టి, సన్నటి సూదితో 50 నుంచి 100 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కిస్తారు. ఆ రోజూ, మర్నాడూ ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. తర్వాత సర్దుకుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట చర్మం సాగినట్టే ఇదీ నెమ్మదిగా సాగుతుంది. తగినంత సాగాక మరో చిన్న ఆపరేషన్‌లో ఎక్స్‌పాండర్ తీసి అసలు ఇంప్లాంట్ పెడతారు. హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ 2013లో న్యూయార్క్ టైమ్స్‌లో రాసి ప్రపంచానికి చెప్పింది ఈ దారి గురించే. ఆమెకు క్యాన్సర్ రాలేదు; జన్యుపరంగా ముప్పు ఎక్కువని తెలిసి ముందుజాగ్రత్తగా రెండు రొమ్ములూ తీయించుకున్నారు.

ఈ పద్ధతిలో ఆపరేషన్ సమయం తక్కువ, ఒంట్లో ఇంకోచోట కోత ఉండదు, కోలుకోవడం త్వరగా. చాలామంది దీన్నే ఎంచుకోవడానికి కారణం అదే. అయితే ఇంప్లాంట్ శాశ్వతం కాదన్న మాట రోగి చెవిన గట్టిగా పడాలి. పదేళ్లకో ఇరవై ఏళ్లకో మార్చాల్సి రావచ్చు. పరాయి వస్తువు చుట్టూ శరీరం పొర కట్టుకోవడం సహజం. కొందరిలో ఆ పొర గట్టిపడి ఇంప్లాంట్‌ను నొక్కేస్తుంది, ఆకారం చెడుతుంది, నొప్పి పుడుతుంది. రేడియేషన్, అంటే మనవాళ్లు కరెంటు పెట్టడం అనే చికిత్స, తీసుకున్న వారిలో ఈ ఇబ్బంది బాగా ఎక్కువ. సిలికాన్ లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు. అందుకే పెట్టిన అయిదారేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ చేయించుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. అదే సంస్థ 1992లో సిలికాన్ ఇంప్లాంట్ల మామూలు వాడకాన్ని ఆపించి, 2006లో తిరిగి అనుమతించింది. 2019లో గరుకు ఉపరితలం ఉన్న ఒక రకం ఇంప్లాంట్లను, అరుదైన లింఫోమాతో సంబంధం తేలడంతో, తయారీదారు ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇదంతా భయపెట్టడానికి చెప్పేది కాదు. తనకు పెట్టబోయేది నునుపుదా గరుకుదా, ఏ కంపెనీది, ఏ సంఖ్యదన్న కార్డు అడిగి తీసుకుని దాచుకోవడం రోగి హక్కని చెప్పడానికి.

రెండో దారి సొంత ఒళ్లే. దీని మూలసూత్రం మన దేశానికి పరాయిది కాదు. నుదుటి చర్మాన్ని పూర్తిగా తెంచకుండా, రక్తం అందించే తొడిమ ఉంచి తిప్పి, తెగిన ముక్కును తిరిగి కట్టిన పుణె ప్రాంతపు ఆపరేషన్ గురించి 1794లో లండన్ పత్రికలో వచ్చిన కథనమే యూరప్ ప్లాస్టిక్ సర్జరీని తట్టి లేపింది. రక్తం అందితే కణజాలం బతుకుతుంది. తన్సీని వీపు కండరంతో చేసిందీ ఇదే. ఆ వీపు పద్ధతి నేటికీ ఉంది: కండరాన్ని దాని రక్తనాళంతో సహా చంక కింద నుంచి ముందుకు తెస్తారు. గట్టి పద్ధతి, విఫలం కావడం తక్కువ. కాకపోతే వీపులో కొవ్వు పరిమాణం చాలక తరచూ దానికింద ఇంప్లాంట్ కూడా పెట్టాల్సి వస్తుంది.

కొవ్వు సమృద్ధిగా ఉండేది పొట్ట మీద. అట్లాంటాకు చెందిన కార్ల్ హార్ట్రాంఫ్ 1982లో పొత్తికడుపు చర్మాన్నీ కొవ్వునూ ఒక పొట్ట కండరంతో కలిపి పైకి తిప్పే పద్ధతిని ప్రకటించారు. రొమ్ము చక్కగా వచ్చింది గానీ, కండరం పోయిన పొట్ట బలహీనపడి కొందరికి ఉబ్బు, హెర్నియా వచ్చాయి. బిందె ఎత్తాలన్నా, మంచం మీంచి లేవాలన్నా కష్టమయ్యేది. కండరం ముట్టకుండా దానిలోంచి పైకొచ్చే సన్నని రక్తనాళాన్ని మాత్రమే వేరు చేయవచ్చని 1989లో జపాన్‌కు చెందిన ఇసావో కోషిమా చూపించారు. న్యూ ఆర్లియన్స్‌లో రాబర్ట్ ఆలెన్ 1990ల తొలి ఏళ్లలో దాన్ని రొమ్ముకు వర్తింపజేశారు. నేడు డీఐఈపీ అని పిలిచే ఈ ఆపరేషన్ సొంత కణజాలంతో చేసే పునర్నిర్మాణాల్లో ఉన్నతమైనదిగా పేరు తెచ్చుకుంది.

ఆపరేషన్ థియేటర్‌లో అది ఎలా సాగుతుందో చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ముందే తీసిన సీటీ స్కాన్‌లో పొట్ట కండరాన్ని చీల్చుకుని పైకొచ్చే రక్తనాళాలు ఎక్కడెక్కడున్నాయో గుర్తిస్తారు. బొడ్డు కింద, కోలగా, ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా చర్మం గీస్తారు. పసుపు పచ్చని కొవ్వును కండరం మీంచి మెల్లగా లేపుతూ పోతే, ఒకటి రెండు మిల్లీమీటర్ల నాళాలు తెల్లటి పొరలోంచి తలెత్తుతాయి. వాటిలో మంచిదాన్ని ఎంచుకుని, కండరం పోగులను కత్తిరించకుండా పక్కకు తప్పిస్తూ, నాళం మొదలున్న గజ్జ దగ్గరి దాకా వెంబడిస్తారు. ఇంకో బృందం ఈలోగా ఛాతీలో, మూడో పక్కటెముక మెత్తని భాగాన్ని కొంచెం తొలగించి, రొమ్ము ఎముక పక్కన నిలువుగా దిగే ధమనినీ సిరనూ సిద్ధం చేస్తుంది. అప్పుడు పొట్ట నాళాన్ని తెంచుతారు. ఆ క్షణం నుంచి ఆ ముద్దకు రక్తం లేదు, పాలిపోతుంది. మైక్రోస్కోప్ కింద, తలవెంట్రుక కంటే సన్నని నైలాన్ దారంతో, రెండు మూడు మిల్లీమీటర్ల గొట్టాలను ఒకదానికొకటి కుడతారు. సిరకు చాలాచోట్ల చిన్న ప్లాస్టిక్ ఉంగరంలాంటి పరికరం వాడతారు. బిగించిన క్లిప్పులు వదలగానే పాలిపోయిన చర్మం అంచు నుంచి ఎర్రబారుతుంది, కోసిన చోట కొత్త రక్తం చిమ్ముతుంది. అప్పటికి నాలుగైదు గంటలు దాటి ఉంటుంది. ఇంకా రొమ్ము ఆకారం మలచాలి, పొట్ట కుట్టాలి. ఒకవైపైతే మొత్తం ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది.

అక్కడితో అయిపోదు. మొదటి రెండు రోజులు వార్డు నర్సు గంట గంటకూ వస్తుంది. కొత్త చర్మం వెచ్చగా ఉందా, రంగు మారిందా అని చూస్తుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు మూడు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. చిన్న డాప్లర్ గొట్టం పెట్టి లోపలి ధమని చప్పుడు వింటుంది. నాళంలో గడ్డ కట్టిందని అనుమానం వస్తే అర్ధరాత్రైనా మళ్లీ థియేటర్‌కే. వెంటనే తెరిస్తే చాలావరకు కాపాడవచ్చు. అనుభవమున్న కేంద్రాల్లో పూర్తిగా పాడయ్యేవి నూటికి ఒకటి నుంచి మూడు. కాబట్టి ఈ ఆపరేషన్ విషయంలో సర్జన్ చేతితో పాటు ఆ రాత్రి డ్యూటీ నర్సు కన్ను కూడా లెక్కలోకి వస్తుంది. ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు ఈ రెండూ అడగాలి.

తెలుగు రాష్ట్రాల ఆడవాళ్లకు ఇక్కడ సహజంగా ఒక సందేహం వస్తుంది. సిజేరియన్ అయిన పొట్టతో ఇది కుదురుతుందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశంలో ఇదే అత్యధికం. అడ్డకోత సిజేరియన్ అయిన చాలామందికి కుదురుతుంది, ఎందుకంటే లోతునున్న ఆ నాళాలను సాధారణంగా ఆ కోత తాకదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మచ్చ కూడా చాలావరకు అడ్డం కాదు. సీటీ స్కాన్‌లో తేలిపోతుంది. పొట్ట తగ్గించుకునే ప్లాస్టిక్ సర్జరీ ఇదివరకే చేయించుకుని ఉంటే మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే. మరీ సన్నగా ఉండేవాళ్లకు తొడ లోపలి భాగం, పిరుదుల నుంచి తీసుకోవడం ఉంది. లైపోసక్షన్‌తో తీసిన కొవ్వును సూదితో ఎక్కించడమూ ఉంది గానీ, అందులో కొంత ఒంట్లో కరిగిపోతుంది కాబట్టి పలుమార్లు చేయాలి. ఎక్కువగా గుంటలు సరిచేయడానికే దాన్ని వాడతారు. పొగ తాగేవాళ్లకూ, షుగరు అదుపులో లేనివాళ్లకూ ఏ పద్ధతిలోనైనా గాయం మానడం కష్టం. మన దగ్గర షుగరు సంగతి తేల్చుకోకుండా ఈ ఆపరేషన్‌కు తేదీ పెట్టకూడదు.

మరి రెండిట్లో ఏది మేలు? అమెరికా, కెనడాల్లోని 11 కేంద్రాలు కలిసి రెండు వేల మందికి పైగా మహిళలను రెండేళ్లు గమనించాయి. 2018లో వచ్చిన ఫలితాల్లో సొంత కణజాలంతో కట్టించుకున్నవాళ్లు తమ రొమ్ము విషయంలో, మానసికంగా, దాంపత్యంలో కూడా ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు తేలింది. అదే అధ్యయనం చెప్పిన రెండో సంగతి కూడా దాచకూడదు: అన్ని పద్ధతులూ కలిపి చూస్తే దాదాపు ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక చిక్కు వచ్చింది. వాటిలో చాలా చిన్నవే ఉన్నాయి, మళ్లీ ఆపరేషన్ అవసరమైనవీ ఉన్నాయి. ఒక్క ఆపరేషన్‌తో పని పూర్తవుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎప్పుడు అన్న ప్రశ్న. రొమ్ము తీసిన రోజే కొత్తది కడితే చర్మం చాలావరకు మిగుల్చుకోవచ్చు. క్యాన్సర్ దూరంగా ఉంటే చనుమొనను కూడా. మత్తులోంచి లేచాక ఛాతీ చదునుగా కనిపించదు. తర్వాతి రోజుల్లో కరెంటు పెట్టాల్సి ఉంటే లెక్క మారుతుంది. రేడియేషన్ ఇంప్లాంట్ చుట్టూ పొరను గట్టిపరుస్తుంది, సొంత కొవ్వును కుదించవచ్చు. అందుకే చాలామంది సర్జన్లు అలాంటి వారికి ఎక్స్‌పాండర్‌తో చోటు కాపాడి, లేదా ఏమీ చేయకుండా ఆగి, రేడియేషన్ అయ్యాక కనీసం ఆరు నెలలకు పొట్ట కొవ్వుతో కడతారు. అయిదేళ్ల తర్వాత, పదేళ్ల తర్వాత కూడా చేయించుకోవచ్చు. కానీ చర్మం ఎంత ఉంచాలి, కోత ఎటు పెట్టాలి అన్న నిర్ణయాలు రొమ్ము తీసే రోజునే జరిగిపోతాయి. ప్లాస్టిక్ సర్జన్‌ను ఆ రోజుకు ముందే కలవాలనేది ఇందుకే. పునర్నిర్మాణం వల్ల క్యాన్సర్ తిరగబెట్టదు, తిరగబెట్టినా దాగిపోదు. ఇది ఎన్నో ఏళ్లుగా స్థిరపడిన విషయం.

చనుమొన చివరి అంకం. రొమ్ము కుదురుకున్నాక, మూడు నాలుగు నెలలకు, అక్కడి చర్మాన్నే చిన్న మడతలుగా లేపి కుడతారు; చుట్టూ నల్లటి వలయాన్ని పచ్చబొట్టుతో దిద్దుతారు. నీడలతో సహా దిద్దే నిపుణులు ఉన్నారు, చూస్తే ఉబ్బుగా ఉన్నట్టే అనిపిస్తుంది. అయితే స్పర్శ మాత్రం చాలామందికి పూర్తిగా తిరిగి రాదు. నరం కూడా కలిపి కుట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఇంటి దగ్గర పెద్దవాళ్లు చెప్పారని కొత్త రొమ్ము మీద గానీ, కుట్టిన పొట్ట మీద గానీ కాపడం పెట్టుకోకూడదు. కాలినా తెలియదు. అలా కాలి బొబ్బలెక్కిన కేసులు వైద్య పత్రికల్లో ఎన్నో ఉన్నాయి.

ఏమీ కట్టించుకోకుండా ఉండిపోవడం కూడా పూర్తి స్థాయి నిర్ణయమే. అమెరికన్ కవయిత్రి ఆడ్రీ లార్డ్ 1980లో వచ్చిన తన క్యాన్సర్ పుస్తకంలో కృత్రిమ రొమ్మును నిరాకరించిన సంగతి రాశారు. ఆమెకు అది ఆత్మగౌరవం. బార్బీ బొమ్మను సృష్టించిన రూత్ హ్యాండ్లర్ 1970లో రొమ్ము పోగొట్టుకుని, దుకాణాల్లో దొరికేవి నచ్చక, ఎడమకూ కుడికీ వేర్వేరు ఆకారాల్లో బ్రాలో పెట్టుకునే రొమ్ములను తయారుచేసే కంపెనీనే పెట్టారు. ఇద్దరూ తమకు తాము తేల్చుకున్నారు. తప్పల్లా రోగికి బదులు ఇంకొకరు తేల్చడంలోనే ఉంది. ఈ వయసులో ఇంకా ఎందుకు, పిల్లలు పుట్టేశారు కదా అని భర్తో, అత్తగారో, ఒక్కోసారి డాక్టరో అనేస్తారు. అరవై ఏళ్ల మనిషి అద్దంలో తనను తాను చూసుకోవడం మానేయదు. జాకెట్టు ఒక పక్క జారిపోతుంటే, పెళ్లికి వెళ్లాలంటే వెనకాడుతుంటే, ఆమె బాధను అలంకారం మీద మోజు అనడం అన్యాయం.

డబ్బు మాట మాట్లాడాలి. అమెరికాలో రొమ్ము తొలగింపుకు డబ్బిచ్చే ఆరోగ్య బీమా, పునర్నిర్మాణానికీ, రెండో రొమ్మును సమానం చేయడానికీ ఇవ్వాలని 1998లోనే చట్టం వచ్చింది. అక్కడున్న తెలుగు కుటుంబాలు దాన్ని వాడుకోవచ్చు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కానీ చాలామందికి తెలియని ఊరట ఒకటి ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రామాణికం చేసిన నిబంధనల్లో, అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి డబ్బు రాదన్న షరతులోనే ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి మినహాయింపు ఉంది. కౌంటర్ దగ్గర ఇది కాస్మెటిక్ అని తిప్పి పంపితే పాలసీ కాగితం తెరిచి ఆ వాక్యం చూపించండి. సర్జన్‌తో క్యాన్సర్ చికిత్సలో భాగమని రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కార్డున్నవాళ్లు ఏది వర్తిస్తుందో ఆరోగ్యమిత్ర దగ్గర ఆపరేషన్‌కు ముందే అడగాలి. హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి.

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజున ఎవరికైనా బుర్ర పనిచేయదు. ప్రాణం దక్కితే చాలనిపిస్తుంది. అందుకే పక్కనున్నవాళ్లు ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకెళ్లండి: రొమ్ము మొత్తం తీయక తప్పదా, కరెంటు పెట్టాల్సి వస్తుందా, చర్మం ఎంత మిగుల్చుతారు, ప్లాస్టిక్ సర్జన్‌ను ఎప్పుడు కలవాలి. ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే ఇవి అడగండి.